పంటు దిగిన తాత

మందుల కంపెనీ బ్యాగు మోసుకుంటూ కోనసీమ ఊళ్ళన్నీ తిరిగి, గోదావరి దాటించే పంటు ఎక్కి ఆ సాయంత్రం నరసాపురం రేవులో దిగాను. ఒంట్లో ఓపిక లేదు. గట్టు మీద ఒకావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"మీది ఈ ఊరు కాదు కదండీ? ఒక్క అరగంట క్రిస్మస్ తాత వేషం వేస్తారా?"

"నేనా? నేను చర్చికే వెళ్ళనండి," అన్నాను విసుగ్గా.

"పర్లేదండి. మా పేటలో ఎవరు వేసినా పిల్లలు నడక చూసి పట్టేస్తారు. అందుకే ఏటా పంటు దిగినవాళ్ళనే అడుగుతాం."

వాదించే ఓపిక కూడా లేక ఆమె వెంట వెళ్ళాను. ఎర్ర అంగీ తొడిగి, దూది గడ్డం కట్టారు. అది చెమటకి మూతికి అంటుకుపోయింది. కాగితపు నక్షత్రాలు వేలాడే సందులో పిల్లలు ఒక్కొక్కరే వచ్చి, బట్టీ పట్టిన బైబిలు వాక్యం ఒప్పజెప్పి, నా చేతిలోంచి కేకు ముక్క అందుకుని వెళ్తున్నారు. నా కాళ్ళు పీకుతున్నాయి.

చివర్లో ఉన్న పాప వాక్యం చెప్పలేదు. వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఈడ్చుకొచ్చింది.

"కూర్చోండి తాతా. పోయినేడాది తాత కూడా ఇలాగే అలిసిపోయారు. ఆయనది తణుకు."

నేను కూర్చున్నాక, పెద్దవాళ్ళకి వినపడకుండా నా చెవి దగ్గరికి వంగింది.

"మీది ఏ ఊరండీ?"