ఇద్దరికీ ఒకటే దువ్వెన

మా మేనత్త నిద్రలోనే వెళ్ళిపోయిందని ఆమె కొడుకు, మా బావ, పొద్దున్నే ఫోన్ చేశాడు. మన్నాఏఖేళ్ళి దగ్గరి పల్లెలో అంగన్‌వాడీ టీచర్ ఆమె. బీదర్‌లో బస్సెక్కి కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. ఆ ఏడుపులోనే మనసు తేలికపడింది కూడా. చూడాలనుకున్నది చూసే పోయింది మా అత్త.

ఆమె బొడ్లో ఎప్పుడూ ఒక దువ్వెన ఉండేది. పొద్దున్నే అంగన్‌వాడీ గడప మీద కూర్చుని, వచ్చిన ప్రతి బిడ్డకీ తల దువ్వి లోపలికి పంపేది. మగపిల్లలు తప్పించుకోబోతే చొక్కా పట్టి లాగేది.

"ఆడపిల్లకు ఎంతసేపో నీకు గంతసేపే. బరాబర్ ఉండాలె" అనేది. బెత్తెడు కూడా లేని జుట్టును అంతసేపు ఏం దువ్వేదో ఆమెకే తెలియాలి!

నా ఉద్యోగమూ ఆ బరాబర్ చుట్టూ తిరిగేదే. ఏ ప్రాంతంలో ఆడపిల్లలెందరు, మగపిల్లలెందరు చిన్నబడిలో చేరుతున్నారో పోల్చి చూడాలి. భాల్కి వైపు నేను తిరిగిన కొన్ని పల్లెల్లో ఆడపిల్లలు ఇంటి దగ్గరే తమ్ముడి ఊయల ఊపుతూ కనిపించేవారు. దుబల్గుండి వైపు ఇద్దరూ సమానంగా ఉండేవారు. అత్త దగ్గరికి వస్తే ఆడపిల్లలే ఎక్కువ! ఇద్దరం మురిసిపోయాం.

"మా ఊరే ఫస్టని రాస్కో బిడ్డా" అని అత్త నవ్వింది.

ఆ మురిపెం బావ కవలలకు బడి వయసు వచ్చేదాకే. బావ కొడుకును ఇంగ్లీషు మీడియం ఎల్‌కేజీలో వేసి వ్యాన్ ఎక్కించాడు. కూతురిని తెచ్చి అత్తకు అప్పగించాడు. వ్యాన్‌లోకి తొంగి చూస్తే ఊళ్ళో మగపిల్లలు చాలామంది అందులోనే ఉన్నారు. అత్త బడిలో ఆడపిల్లలెందుకు ఎక్కువో మా ఇద్దరికీ అప్పుడు అర్థమైంది.

ఆ సాయంత్రం అత్త బావను నిలదీసింది. "నా బడి మంచిదైతె ఇద్దర్ని పంపు. మంచిది కాదంటె పిల్లను గుడ పంపకు."

"ఇద్దరికి ఫీజు కట్టుడు నాతోని కాదమ్మా."

"అయితె ఇద్దరు నా కాడనే కూసుంటరు. ఒకటో తరగతికి ఇద్దర్ని ఒక్కతీరుగ పంపు."

బావ కొడుకును వ్యాన్ మాన్పించాడు కానీ, కొన్నాళ్ళు తల్లి మీద అలిగాడు. అన్నం మాత్రం ఆమె వడ్డిస్తేనే తినేవాడు. మనవడు వ్యాన్ కోసం ఏడ్చి ఏడ్చి, చివరికి నానమ్మ దువ్వెనకు తలవంచాడు. అప్పటినుంచి నేను ఏ ఊరు వెళ్ళినా అంగన్‌వాడీ లెక్కనూ వ్యాన్ లెక్కనూ కలిపే చూస్తున్నాను. కానీ ఒకటో తరగతి వచ్చేసరికి బావ మళ్ళీ మాట మారుస్తాడేమోనని మా ఇద్దరికీ లోలోపల భయమే.

ఈ జూన్‌లో పిల్లలిద్దరూ ఒకే వ్యాన్ ఎక్కారు. నేను వెళ్ళేసరికి అత్త గడప మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఇగ నాకు నిమ్మలమైంది బిడ్డా" అంది. నాకూ అంతే.

సమాధి దగ్గర ప్రార్థనలయ్యాక నేను కొన్నాళ్ళు బావ ఇంట్లోనే ఆగిపోయాను. పిల్లలు మళ్ళీ బడికి బయల్దేరిన రోజు, బావ భార్య లోపల టిఫిన్ డబ్బాలు సర్దుతోంది. అత్త కూర్చునే గడప మీద బావ కూర్చున్నాడు. వ్యాన్ వచ్చి హారన్ కొట్టింది. కొడుకు వెళ్ళి ఎక్కేశాడు. కూతురికి ఇంకా ఒక జడే అయింది. బావ రిబ్బన్‌తో కుస్తీ పడుతూనే తలెత్తి కేకేశాడు.

"జర ఆగు భాయ్! ఇంకొక జడ ఉన్నది."