స్మూత్ అంటే మంచి మాటే అన్నాను

తాండూరులో ఒక ప్రైవేటు బడిలో ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. పెద్దేముల్ నుంచి షేరింగ్ ఆటోలో వచ్చిపోయేవాణ్ణి. బీఈడీ అప్పుడే పూర్తయింది. ఏ మాటనైనా వస్తువు చూపించి చెబితే పిల్లలకు గుర్తుంటుందని నా నమ్మకం. అలా చెప్పగలనని కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ రోజు ఎనిమిదో తరగతికి 'రఫ్', 'స్మూత్' చెప్పాలి. బండల ఫ్యాక్టరీ ముందు పారేసిన ముక్కలు రెండు ఏరుకొచ్చాను. ఒకటి గనిలోంచి వచ్చినట్టే గరుకుగా ఉంది, ఇంకొకటి పాలిష్ పట్టింది. రెండింటినీ పిల్లలందరి చేతుల్లోకీ పంపాను. నున్నగా ఉన్నది స్మూత్ అన్నాను. ఉర్దూ మాట్లాడే పిల్లలకు చిక్నా అని చెప్పాను. తర్వాత మిగతా అర్థాలు కూడా చెప్పుకుంటూ పోయాను. గుంతలు లేని రోడ్డు స్మూత్, అడ్డం లేకుండా జరిగిపోయిన పని స్మూత్, తీయగా మాట్లాడి ఎదుటివాణ్ణి పడేసే మనిషి స్మూత్. చివరికి తలా ఒక వాక్యం చెప్పమన్నాను.

"హర్ హెడ్ ఈజ్ స్మూత్, సర్" అంది వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి.

కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి గురించి అన్న మాట అది. ఆ వేసవిలో పేనుకొరుకుడు వచ్చి ఆమె జుట్టు మొదట రూపాయి బిళ్లంత మేర, ఆ తర్వాత మొత్తం ఊడిపోయింది. నీలం స్కార్ఫ్ కట్టుకుని బడికి వచ్చేది. తరగతి అంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆపుకున్నాను. వాక్యంలో తప్పు లేదు కదా అని "కరెక్ట్" అన్నాను. అంతటితో ఊరుకోకుండా మిగతా వాక్యాల కింద దాన్ని కూడా బోర్డు మీద రాశాను. అందరూ నోటుబుక్కుల్లో ఎక్కించుకున్నారు. ఆ అమ్మాయి కూడా తల వంచుకుని ఎక్కించుకుంది. సాయంత్రం దిద్దుతుంటే ఆమె పుస్తకంలో ఆ వాక్యం కనబడింది. గుండ్రటి అక్షరాలు. టిక్కు పెట్టాను.

మర్నాటి నుంచి ఆమె పేరు స్మూత్. హాజరు వేస్తూ నేను అసలు పేరు పిలిస్తే, వెనక నుంచి ఎవరో ఒకరు ఆ పేరు అందించేవారు. నేను వినబడనట్టు ఉండేవాణ్ణి. ఆ తరగతికి నేనంటే ఇష్టం, అది పోగొట్టుకోవడం నాకిష్టం లేదు. ఒకరోజు బోర్డు తుడవాల్సి వచ్చింది. "స్మూత్, నువ్వు రా" అన్నాను. నోరు జారి కాదు, పిల్లలు సంతోషిస్తారనే అన్నాను. వాళ్లు బల్లలు చరిచారు. ఆమె వచ్చి బోర్డంతా శుభ్రంగా తుడిచి వెళ్లి కూర్చుంది.

తర్వాతి వారం వాళ్లమ్మ వచ్చింది. ఆమె బండల పాలిషింగ్‌లో పని చేస్తుంది. చీర కుచ్చిళ్ల మీద బూడిదరంగు బురద ఎండిపోయి ఉంది. గది బయటే నిలబడి అడిగింది.

"సార్, స్మూత్ అంటే ఏంది? మా బిడ్డను అందరు గట్లనే పిలుస్తుండ్రట. దాన్ని అడిగితే ఏం చెప్తలేదు."

నిజం చెబితే ప్రిన్సిపాల్ దాకా పోతుంది. "మంచి మాటే అమ్మా. మెత్తగా, సున్నితంగా ఉండేవాళ్లను అట్ల అంటరు" అన్నాను.

ఆమె ముఖం విప్పారింది. ఉత్తగనే పరేషానైన సార్ అని, నాకు దండం పెట్టి వెళ్లింది. ఆ రోజు నుంచి ఆమె కూడా కూతుర్ని ఇంట్లో అలాగే పిలవడం మొదలుపెట్టిందని, వాళ్ల పక్కింటి పిల్ల చెబితే నాకు తెలిసింది. కూతురు మాత్రం తల్లికి అసలు సంగతి చెప్పలేదు.

దసరా తర్వాత ఆ అమ్మాయి టీసీ తీసుకుని వికారాబాద్‌లో ఒక హాస్టల్‌లో చేరింది. గొడవ ఏమీ లేకుండా స్మూత్‌గా అయిపోయిందని ప్రిన్సిపాల్ అన్నాడు. నేను తలూపాను.

కానీ ఆ తల్లి పెట్టిన దండం నన్ను వదల్లేదు. ఒక ఆదివారం ఫ్యాక్టరీకి వెళ్లి, ఆమెను మిషన్ చప్పుడుకు దూరంగా పిలిచి జరిగిందంతా చెప్పాను. బోర్డు మీద రాసింది కూడా దాచలేదు. ఆమె తిట్టలేదు. చేతులకంటిన బురదను కొంగుతో తుడుచుకుంది.

"మూడు నెలలు పిలిచిన సార్. అన్నం పెట్టుకుంట పిలిచిన. హాస్టల్ కాడ ఇడిసిపెట్టి వచ్చేటప్పుడు సుత గట్లనే పిలిచిన."

ఆ మాట అని లోపలికి వెళ్లిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నాకు తేలికగా అనిపించింది. సిగ్గుపడాల్సిన సంగతే, కానీ నిజం.

రెండు నెలలకు వికారాబాద్ బస్టాండులో ఆ అమ్మాయి కనబడింది. స్కార్ఫ్ లేదు, వేలెడు జుట్టు వచ్చింది. సంతోషంగా దగ్గరికి వెళ్లి, జుట్టు బాగా వచ్చిందన్నాను. నమస్తే పెట్టింది.

"మా అమ్మకు ఎందుకు చెప్పిండ్రు సార్?" అంది.

ఆమెకు నిజం తెలియాలి కదా అని ఏదో నసిగాను.

"మీరంతా అంటే ఏడుపొచ్చేది. అమ్మ పిలిస్తే ఏం గాకపోయేది. ఆమెకది మంచి మాటనే గద సార్. ఇప్పుడు హాస్టల్‌కే వస్తలేదు. ఫోన్ చేస్తే ఏడుస్తది. నా మొకం ఎట్ల చూడాలె అంటది."

నేను వెళ్లి మాట్లాడతానన్నాను.

"వద్దు సార్. మల్ల పోయి ఏం చెప్పకుండ్రి. నేనే పోతున్న."

తాండూరు బస్సు వచ్చింది. ఆమె ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. నేను పోవాల్సింది కూడా ఆ బస్సులోనే. ఎక్కుతారా అని కండక్టర్ అడిగాడు. లేదన్నాను. తర్వాతి బస్సు గంటకు గానీ రాదని చెప్పి అతను తలుపు వేసుకున్నాడు.