మేము చెరిపేసిన మెత్తని పాటలు

ఎనభైల మొదట్లో విశాఖపట్నంలో ఇంగ్లీషు రాక్ పాటలు వినాలంటే ఓడ రావాలి. కొట్లలో దొరికేవి సినిమా పాటలూ, భక్తి పాటలూ. మాకు కావలసినవి రేవులో ఆగిన ఓడల్లో, ఏ విదేశీ ఇంజినీరు మంచం కిందో ఉండేవి. ఓడ సరుకు దింపుకుని వెళ్ళిపోయేలోపల ఆ రికార్డు అడిగి తెచ్చి, క్యాసెట్టులోకి ఎక్కించుకుని, గీత పడకుండా తిరిగి ఇచ్చెయ్యాలి. ఓడ కదిలిందంటే ఆ పాటలు ఊరు మొత్తానికి మా క్యాసెట్టులో తప్ప ఇంకెక్కడా ఉండేవి కావు.

తెచ్చేవాడు ఒక్కడే. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఉండే నా స్నేహితుడు. ఓడ అడుగున ఉండే ఇనుప ట్యాంకుల్లోకి దిగి, సుత్తితో తుప్పు రాలగొట్టే పని అతనిది, ఒక చిన్న కాంట్రాక్టరు కింద. మూసినట్టుండే ఇనుప గదిలో పదిమంది ఒకేసారి గోడల్ని బాదుతుంటే ఆ మోత ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ అడగలేదు. ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్ళం. మాది గోదావరి జిల్లా, నాన్న పోర్టులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అతనిది ఈ నేలే. చుట్టరికం లేదు, అయినా ఈ ఊళ్ళో ఆ పిలుపుకి చుట్టరికం అక్కర్లేదు.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను, దాచిపెట్టి చివర్లో బయటపెట్టడానికి ఇదేం డిటెక్టివ్ నవల కాదు. నేను చెప్పబోయే రోజులకి అతని చెవులు పోతున్నాయి. ఆ సంగతి నాకు తెలీదు. అతను గట్టిగా మాట్లాడితే మైకు మింగావా అని ఏడిపించేవాళ్ళం. తల పక్కకి తిప్పి వింటుంటే స్టైలు కొడుతున్నాడనుకున్నాం.

మేం మొత్తం అయిదుగురం. పూర్ణా మార్కెట్ వెనక సందులో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేసే భాయ్ ఒకరు. వయసులో మాకంటే పెద్దవాడు, రికార్డులు ఎక్కించే మిషను ఆయనది, కొట్టూ ఆయనదే. మద్దిలపాలెం బస్సు డిపోలో పనిచేసే మెకానిక్కు ఒకతను, కనపడ్డ ప్రతి డబ్బా మీదా దరువు వేసేవాడు. ఎమ్మే చదువుతున్నవాడు ఒకతను, ఎక్కడెక్కడివో పాత విదేశీ పత్రికలు సంపాదించి చదివి, మాకు తెలియనివన్నీ తనకే తెలిసినట్టు మాట్లాడేవాడు. నేనూ, నా స్నేహితుడూ. ఆదివారం కొట్టు సెలవు. షట్టరు సగం దించుకుని మధ్యాహ్నం దాకా అక్కడే ఉండేవాళ్ళం. ఒక పక్క మొదలైతే రెండో పక్క అయ్యేదాకా ఎవ్వరూ నోరెత్తకూడదు. అది మా నియమం.

ఇంకో నియమం కూడా ఉంది. మంచి ఖాళీ క్యాసెట్లు దొరకడం కష్టం, అందరం కలిసి కొన్నవి కొన్నే. అందుకని కొత్తగా ఎక్కించినదాన్ని మూడు ఆదివారాలు వినేవాళ్ళం. నాలుగో ఆదివారం చేతులెత్తి తీర్పు. ఎక్కువమంది ఉంచాలంటే భాయ్ స్క్రూడ్రైవరు మొనతో క్యాసెట్టు వెనక ఉండే ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేసేవాడు. ఇక దాని మీద ఎవరూ ఏదీ ఎక్కించలేరు. వద్దంటే, అప్పటికప్పుడు దాని మీదే ఇంకో రికార్డు ఎక్కించేవాళ్ళం. పంచాయతీ పెద్దలకి కూడా అంత గీర ఉండదేమో. మాకుండేది.

మేం ప్రాణం పెట్టుకున్నది ఒకే ఒక్క బ్యాండు మీద. నలుగురు మనుషులు. ఫోటోలో కూడా కోపంగానే ఉండేవాళ్ళు. ఏం పాడుతున్నారో సగం మాటలు అర్థమయ్యేవి కావు, కానీ ఆ డ్రమ్ములూ, ఆ గిటారు గర్జనా మొదలైతే నాకు ఒళ్ళు పొంగేది. ఉక్కు ఫ్యాక్టరీ అప్పుడింకా కడుతున్నారు. నేను అక్కడొక సబ్ కాంట్రాక్టరు స్టోర్సులో గుమాస్తాని. పొద్దస్తమానం బోల్టులకి చీటీలు రాస్తూ, ప్రతివాడికీ అలాగే సార్ అంటూ బతికేవాణ్ణి. ఆదివారం ఆ నలుగురూ నా తరఫున అరిచేవాళ్ళు. నేను నోరు మూసుకుని వినేవాణ్ణి.

ఒక వర్షాకాలం నా స్నేహితుడు తువ్వాల్లో చుట్టి వాళ్ళ కొత్త రికార్డు తెచ్చాడు. గోధుమల ఓడ ఒకటి వచ్చింది, అందులో రెండో ఇంజినీరు దగ్గర దొరికిందట. అతని ముఖం వెలిగిపోతోంది. భాయ్ ముల్లు దించాడు. డ్రమ్ముల కోసం కాసుకుని కూర్చున్నాం. రాలేదు. ఎక్కడో దూరంగా ఫ్యాను తిరుగుతున్నట్టు ఒక మెత్తని శబ్దం, దాని కింద మిషను కొడుతున్న టిక్ టిక్. గొంతెత్తి అరిచేవాడు ఈసారి నిద్రలో మాట్లాడుతున్నట్టు పాడుతున్నాడు. గిటారు ఉందో లేదో తెలీదు. అన్నీ కరెంటు వాయిద్యాలే. నియమం కొద్దీ నోరు మూసుకుని రెండు పక్కలూ విన్నాం.

మెకానిక్కు ముందు లేచాడు. "ఏటిది? మనుసులు వాయించినట్టు నేదు. డ్రమ్ములోణ్ణి ఇంటికంపేసినారా?"

చదువుకున్నాయన, తనకి ఇది ముందే తెలుసన్నాడు. డబ్బున్న పిల్లల డాన్సు హాళ్ళ కోసం మెత్తబడ్డారని ఏదో పత్రికలో రాశారట, వీళ్ళ పని అయిపోయిందట. భాయ్‌కి మాత్రం తెగ నచ్చింది. "చేత్తో చేసింది కాదు అనేవాళ్ళు ఒక్కసారి సోల్డరింగ్ కడ్డీ పట్టి చూడండి. ఆ శబ్దం పుట్టించడానికి వాడు ఎన్ని రాత్రులు మేల్కొన్నాడో మీకేం తెలుసు?" అన్నాడు.

నా స్నేహితుడు చెప్పింది ఒక్కటే. "నాకిది బాగుంది బావా. ఇంటుంటే నొప్పి నేదు."

నవ్వాం. నేను ఎక్కువ నవ్వాను. పాటలు నొప్పెట్టడం ఏంటి, నీకు జోలపాట కావాలా, పాలసీసా కూడా తెమ్మంటావా అన్నాను. అతను నవ్వలేదు, కోపమూ తెచ్చుకోలేదు. నా పెదాల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే ఆ చూపు నన్ను నిలవనివ్వదు.

ఆ మూడు ఆదివారాలూ ఒకటే కీచులాట. మెకానిక్కు, భాయ్‌ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా టీ తాగారు. నేనైతే ఆ బ్యాండు నన్ను పట్టుకుని మోసం చేసినట్టే రగిలిపోయాను. వారమంతా తల వంచుకు బతికేవాణ్ణి, వాళ్ళు కూడా తల వంచేస్తే ఇక నాకు మిగిలేదేంటి? ఇది ఎవరితోనూ అనలేదు, అంటే సిగ్గుచేటు. అందుకని సంగీతం గురించి పెద్ద పెద్ద మాటలు మాట్లాడాను. నా స్నేహితుడు మాత్రం ప్రతిసారీ స్పీకరుకి దగ్గరగా జరిగి, కళ్ళు మూసుకుని, మొదటి నుంచి చివరిదాకా కదలకుండా విన్నాడు. వెనకటి రికార్డులు పెట్టినప్పుడు ఏదో ఒక వంకతో బయటికి వెళ్ళేవాడన్నది నేను అప్పుడు గమనించనే లేదు.

నాలుగో ఆదివారం చేతులెత్తాం. ఉంచాలని భాయ్, నా స్నేహితుడు. వద్దని మెకానిక్కు, చదువుకున్నాయన. మిగిలింది నేను. అందరూ నా వైపు తిరిగారు. మిగతావాళ్ళ సంగతి సరే, నా స్నేహితుడు మాత్రం ధైర్యంగానే ఉన్నాడు. బావ మనవాడే అన్న ధైర్యం. భాయ్ అప్పటికే స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాడు.

నేను వద్దని చెయ్యెత్తాను.

అప్పుడు నాకు గొప్పగా కూడా అనిపించింది. స్నేహానికి లొంగలేదు, నిజం వైపు నిలబడ్డాను అనుకున్నాను. భాయ్ ఏదో అనబోయి నా స్నేహితుడి వైపు చూశాడు. అతను వద్దన్నట్టు తలాడించాడు. "సర్లే, ఎక్కించీండి" అన్నాడు. అదే బ్యాండుది పాత కచేరీ రికార్డు ఒకటి, అదీ అతను తెచ్చిందే, దాని మీద ఎక్కించాం. మెకానిక్కు ఉత్సాహంగా వాల్యూమ్ పెంచాడు. మొదటి డ్రమ్ము దెబ్బకే నా స్నేహితుడు లేచి వెళ్ళి సందులో మెట్టు మీద కూర్చున్నాడు. అలిగాడనుకున్నాం. ఒక పక్కకి ఇరవై నిమిషాల లెక్కన ఆ మెత్తని పాటలు పూర్తిగా చెరిగిపోయేదాకా నేను కాలు ఆడిస్తూ కూర్చున్నాను. గోధుమల ఓడ అప్పటికే వెళ్ళిపోయింది.

తరవాత రెండు మూడు వారాలు వచ్చాడు, ఆ తరవాత మానేశాడు. నేను వెళ్ళి అడగలేదు. వస్తే వస్తాడు అనుకున్నాను. ఒకరోజు కంచరపాలెం గేటు దగ్గర కనిపిస్తే వెనకనుంచి రెండుసార్లు పిలిచాను. తిరిగి చూడలేదు, సైకిలు తోసుకుంటూ పోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక క్యాసెట్టు కోసం ఇంత పౌరుషమా అనుకుని, ఇక వాడి గుమ్మం తొక్కనని ఒట్టు పెట్టుకున్నాను. అలా రెండేళ్ళు గడిచాయి. ఆదివారాలు కూడా పలచబడ్డాయి. చదువుకున్నాయనకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చింది. మెకానిక్కు రావడం తగ్గించాడు.

ఒకనాడు భాయ్ కొట్లో కూర్చుని, పిలిస్తే అతను పలకలేదని నేనే పితూరీ చెప్పాను. భాయ్ చేతిలో పని పక్కన పెట్టాడు.

"వాడికి వినపడలేదు బాబూ" అన్నాడు. "డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది నేనే, ఆ తీర్పుకి ముందే. సుత్తుల మోతకి చెవులు దెబ్బతిన్నాయి. గట్టి చప్పుడైతే సూది దిగినట్టు నొప్పి, సన్న మాట అందదు. మనం వినే పాటల్లో వాడు నొప్పి లేకుండా వినగలిగింది ఆ ఒక్క క్యాసెట్టే."

నాకెందుకు చెప్పలేదన్నాను.

"ఎవరికీ చెప్పొద్దన్నాడు. ట్యాంకులోకి దిగినవాడికి పైనుంచి కేక వేస్తే వినపడాలి. చెవులు పోయాయని మేస్త్రీకి తెలిస్తే పనిలోంచి తీసేస్తాడు. ఊళ్ళో మాట ఎంతసేపు దాగుతుంది? నువ్వు ఎలాగూ మా వైపే ఉంటావని, చెప్పాల్సిన పని లేదనుకున్నాం ఇద్దరం."

ఆ మాట అనేకంటే చెంప మీద కొట్టినా బాగుండేది. ఆ సాయంత్రమే వెళ్ళి కాళ్ళు పట్టుకోవాల్సింది. వట్టి చేతులతో ఎలా వెళ్ళను అనుకున్నాను. ఆ పాటలు సంపాదించి పట్టుకెళ్దామనుకున్నాను. అది పశ్చాత్తాపం అనుకున్నాను కానీ, పిరికితనం. పోర్టులో తెలిసినవాళ్ళని అడిగాను. మద్రాసు వెళ్ళేవాళ్ళకి కాగితం మీద పేరు రాసిచ్చాను. ఏదేదో తెచ్చేవాళ్ళు, అది తప్ప. ఎవరూ గుర్తుపెట్టుకోని రికార్డు అయిపోయింది అది. చివరికి దొరకడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది, అసలైన కంపెనీ క్యాసెట్టే, బొమ్మ అట్టతో సహా.

నా టేప్ రికార్డరు సంచిలో వేసుకుని కంచరపాలెం వెళ్ళాను. అతని భార్య తలుపు తీసింది. "రండన్నయ్యా. ముందుకెళ్ళి నిలబడండి, పిలిత్తే ఇనబడదు. పోయినేడు దాకా సిన్నగా పాటలు పెడితే ఇనీవోరు. ఇప్పుడు అదీ నేదు" అంది.

అతను నన్ను చూసి లేచాడు. నేను దాచుకుని తెచ్చిన క్షమాపణలన్నీ ఎక్కడికో పోయాయి. క్యాసెట్టు చేతిలో పెట్టాను. బొమ్మ చూసి గుర్తుపట్టాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఎక్కడ సంపాదించినావు బావా!" అన్నాడు. పనిలోంచి తీసేశాక బావమరిది సైకిలు కొట్లో కూర్చుంటున్నానని చెప్పాడు. నా మీద కోపం ఉన్నట్టే లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

టేప్ రికార్డరు మంచం మీద పెట్టి బటన్ నొక్కాను. ఆ మెత్తని శబ్దం మొదలైంది. ఇన్నేళ్ళకి మొదటిసారి నాకు బాగుందనిపించింది. అతను నా చేతుల వైపే చూస్తున్నాడు. పాట సగంలోకి వచ్చింది.

"పెట్టు మరి" అన్నాడు.

వాల్యూమ్ కొంచెం పెంచాను. ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాడు. ఇంకాస్త పెంచాను. ఉన్నట్టుండి ముఖం చిట్లించి అరచేత్తో చెవి మూసుకున్నాడు. తగ్గించాను. మళ్ళీ నా చేతుల వైపు చూపు. వినపడనంత చిన్నదానికీ, నొప్పెట్టేంత పెద్దదానికీ మధ్య ఎక్కడో ఒకచోట అతనికి ఆ పాట అందుతుందని ఆ బొత్తాన్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నాను. అతని భార్య గుమ్మంలో నిలబడి చూస్తోంది. పక్క మొత్తం అయిపోయింది. ఆ మధ్యచోటు అతని చెవుల్లో లేదు.

నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఒగ్గీ బావా. అప్పుడు మూడుసార్లు ఇన్నాను కదా, సాల్లే" అన్నాడు.

నన్ను ఓదార్చడానికే అన్నాడు. పోయినేడు దాకా వినేవాడని అతని భార్య చెప్పింది. అంటే నేను చెయ్యెత్తిన తరవాత ఇంకా నాలుగేళ్ళు అతను వినగలిగేవాడు.