సైరన్ మోగిన మధ్యాహ్నం అవ్వ వండిన అన్నం

మిత్రులారా, నిన్న మంచిర్యాల అంగడిలో మైదా జిగురు వాసన తగలగానే మా అవ్వ, అంటే మా అమ్మ, గుర్తుకు వచ్చింది. క్రిస్మస్‌కు ముందు, ఆగమన కాలంలో, మనమందరం వెదురు పుల్లలకు రంగు కాగితాలు అంటించి నక్షత్రాలు చేసేవాళ్ళం, జ్ఞాపకమున్నదా?

అలా అంటిస్తున్న ఒక మధ్యాహ్నం, మా నాన్న, అదే మా బాపు, పనిచేసే బొగ్గుగనిలో ప్రమాద సైరన్ మోగింది. అవ్వ చేతులు వణికాయి. జిగురు చేతులతోనే మోకరించి, "నాతోని అయితలేదు ప్రభువా, ఇగ నువ్వే సూస్కో" అన్నది. తరువాత లేచి, బాపుతో కలిపి మా ముగ్గురికీ సరిపడా బియ్యం కడగసాగింది.

"బాపు వస్తడా అవ్వా?"

"నాకెర్క లేదు బిడ్డా. వస్తే ఆకలితోనే వస్తడు."

సాయంత్రానికి బాపు క్షేమంగా ఇల్లు చేరాడు. నేటికీ నన్ను విస్మయపరిచేది మాత్రం, ఆయన ఇంకా గనిలో ఉండగానే, బియ్యం కడిగే ఆ చేతుల్లో వణుకు ఆగిపోవడం.