రాజనర్సు కారు స్పీడు

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై బస్సులన్నీ డిపోలో నిలిచిపోయిన రోజుల్లో, కోరుట్లవాళ్ళకు తెలిసి ఆగకుండా ఉరికే బండి ఒక్కటే ఉండేది. అది రాజనర్సు కారు. అదీ కోరుట్లలో కాదు, దుబాయ్‌లో. దాని స్పీడెంతో అతని భార్య సాయవ్వ ప్రతి శుక్రవారం ఫోన్లో వినేది.

రాజనర్సు సిరిసిల్లలో పదేళ్ళు మరమగ్గం నడిపాడు. అక్కడ గిట్టుబాటు కాక, జగిత్యాలలో నెల రోజులు డ్రైవింగ్ నేర్చుకుని, డ్రైవర్ వీసా మీద దుబాయ్ వెళ్ళాడు. వెళ్ళిన కొత్తలో యజమాని సేటు కారు గంటకు రెండు వందల ఇరవై కిలోమీటర్లు పోతుందన్నాడు. మరుసటేడు మూడు వందలన్నాడు. ఐదో ఏడు వచ్చేసరికి నాలుగు వందల యాభై అయింది. మనిషి ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు గానీ స్పీడు మాత్రం ఏటా పెరిగింది.

"మెల్లగ పోరాదు, నీకేమన్నయితే నేనెట్ల?" అని సాయవ్వ కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఫోన్ పెట్టగానే అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళకు అదే గొప్పగా చెప్పేది. పక్కింటి గుల్షన్ బీ తునికాకు కత్తిరిస్తూ, "గది కారా, హవాయి జహాజా?" అని విమానంతో పోల్చి నవ్వేది. నవ్వితే నవ్వనీ. అంత ఉరికే కారు నడిపేవాణ్ణి సేటు ఎందుకు వదులుతాడు, అందుకే సెలవు దొరకడం లేదు అనుకునేది సాయవ్వ. ఆ ఒక్క మాట పట్టుకునే ఐదేళ్ళు ఈడ్చుకొచ్చింది.

సమ్మె మూడో వారంలో మల్లాపూర్ భూమేశ్ దుబాయ్ నుంచి వచ్చాడు. అక్కడ రాజనర్సుతో ఒకే గదిలో ఉండేవాడు. ఎవరు ఊరికొచ్చినా గదిలో మిగిలినవాళ్ళ ఇళ్ళకు మూటలు మోసుకురావడం ఆనవాయితీ. బస్సుల్లేక బావమరిది మోటార్‌సైకిల్ మీద వచ్చి, సబ్బులు, పాలపొడి డబ్బా బీడీల చాట పక్కన పెట్టాడు.

"మీ అన్న కారు నిజంగనే గంత ఉరుకుతదా? నువ్వెక్కినవా?" అంది సాయవ్వ.

భూమేశ్ తల వంచుకున్నాడు. "కారెక్కడిది వదినె? లైసెన్సు పరీక్షల రెండుసార్లు ఫెయిలైండు. కార్లు కడిగే కాడ పెట్టిన్రు. లోపల తుడిచేటప్పుడు స్పీడు మీటరు మీద ఆఖరి అంకె చూస్తడు. రూముకొచ్చి దాన్కి ఇంత కలిపి మాకు గూడ గట్లనే చెప్తడు. ఇంటికి పోరాదే అంటే, ఉత్త చేతుల్తోని పోయి మొకమెట్ల సూపియ్యాలె అంటడు."

ఆ పూట సాయవ్వ చుట్టిన బీడీల్లో సగం వదులయ్యాయని కార్ఖానా నుంచి తిప్పి పంపారు. కోపం రాలేదా అంటే వచ్చింది. అబద్ధం చెప్పినందుకు కాదు, సిగ్గుపడి అక్కడే ఉండిపోయినందుకు. పొద్దస్తమానం నీళ్ళలో నానే అతని చేతులను తలచుకుంటే ఆమెకు బెంగ ఆగలేదు.

శుక్రవారం ఫోన్ మోగింది.

"ఇయ్యాల ఐదు వందలు దాటించిన," అన్నాడు రాజనర్సు.

"గంత ఉరుకుతదా? మరి ఒక్కసారి ఇటు తిప్పురాదు."

"రోడ్లన్ని బందున్నయంట గద సాయవ్వా, ఎట్ల రావాలె?" అన్నాడు.

"నడుసుకుంట రా," అంది. "ఉత్త చేతుల్తోనే రా. నాకు నువ్వు గావాలె."