చక్రాల పీటకు నాలుగు నిమ్మకాయలు

కారు కింది భాగం తుడవాలంటే ఇన్నేళ్ళూ గొంతుక్కూర్చునేవాణ్ణి. లేచేటప్పుడు మోకాళ్ళు ప్రాణం తీసేవి. అందుకే చక్రాల పీట వచ్చిన రోజు, పెట్టె చింపేసి వాకిట్లోనే కూర్చోబోయాను.

“కొంజం ఉండరా! చక్రం ఉండేదంతా బండే గదా,” అంటూ అమ్మ నాలుగు నిమ్మకాయలు తెచ్చింది. పీటకు బొట్టు పెట్టి, ఒక్కో చక్రం ముందు ఒక్కో కాయ ఉంచింది.

కూర్చుని కాళ్ళతో నెట్టాను. కదిలితేనా! చక్రాలు మరీ చిన్నవి.

“స్టార్టు కాలేదు, తొయ్యమ్మా!” అంది అమ్మ మా ఆవిడతో.

ఆవిడ బలంకొద్దీ తోసింది. కాయలు చిట్లాయి, నేను కేకపెట్టాను, పీట కారునూ గేటునూ దాటి వీధిలో ఆగింది.

ఎదురింటాయన బయటికొచ్చి చూశాడు. “కొత్త బండా అన్నా? మైలేజి ఎంత ఇస్తాది?”