టర్బో చల్లారే దాకా

మా బావని వీధిలో అందరూ ‘ఆగండి బావ’ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే, అందుకు నాకేం సిగ్గు లేదు. నాకు బావ కాబట్టి నేను అలా పిలిచాను. చూస్తూ చూస్తూ వీధి వీధంతా ఆయనకి మరదళ్ళూ బావమరుదులూ అయిపోయారు. ఇస్త్రీ బట్టలు తెచ్చే ఆయన కూడా గేటు దగ్గర నిలబడి, “ఆగండి బావ ఉన్నాడా అమ్మా?” అని అడుగుతాడు.

బావ వడ్రంగి. ఇళ్ళకి అల్మరాలు, వంటింటి గూళ్ళు చేస్తాడు. చెవి మీద పెన్సిల్ పెట్టుకునే స్నానానికి వెళ్ళి, తడిసిన పెన్సిల్‌తోనే బయటికి వస్తాడు. ఎడమచేతి చూపుడువేలి చివర ఉండదు, రంపం తినేసింది. మనిషి మెత్తనే గానీ మొండి. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు కదా, ఆ లెక్కన మా అక్క కాపురం చేస్తున్నది చక్రవర్తితో.

ఈ బండి కథే చూడండి. “ఏమండీ, నలుగురం హాయిగా కూర్చుని వెళ్ళడానికి ఒక కారు కొందామండీ,” అని అక్క ఏళ్ళ తరబడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఒకరోజు బావ బుద్ధిగా తలూపి వెళ్ళి, సాయంత్రానికి ఒక పికప్ ట్రక్కు తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు. ముందు రెండు సీట్లు, వెనక ముగ్గురు పట్టే సీటు, ఆ వెనక చెక్కలు వేసుకోవడానికి మంచమంత తొట్టి. అక్క మెట్టు మీద కూలబడింది.

“కారు తెమ్మంటే లారీ తెచ్చాడే!”

“నలుగురేమిటే, ఇందులో ఐదుగురం పడతాం. పైగా ఒక బీరువా కూడా పడుతుంది,” అన్నాడు బావ, ముఖం వెలిగిపోతుండగా.

“షికారుకి బీరువాని కూడా తీసుకెళ్తారా?”

బావ అప్పటికే కోతికి కొబ్బరికాయ దొరికినట్టు బండి చుట్టూ తిరుగుతూ, చొక్కా అంచుతో అద్దాలు తుడుచుకుంటున్నాడు.

ఆ బండితో కాపురం చేయడం అంత తేలికేం కాదు. తలుపు దగ్గర మెట్టుంది గానీ, ఆ మెట్టెక్కడానికి ఇంకో మెట్టు కావాలి. అక్క లోపలి పిడి పట్టుకుని ఒక కాలు పైన పెట్టి “ఒసేయ్, తొయ్యవే!” అంటుంది, నేను కింద నుంచి తోస్తాను. ఏ పెళ్ళికెళ్ళినా మంచి చీర కట్టుకున్న అక్కని బస్తాలా ఎక్కించడం నా పని. సీట్ల సందుల్లో ఎప్పుడూ రంపపు పొట్టు. వానాకాలంలో సామాన్లు తొట్టిలో పెట్టామని మరిచిపోతే పంచదార ఇంటికొచ్చేసరికి పానకం. ఇక వీధిలో ఎవరు ఇల్లు మారినా, ఎవరు సోఫా కొన్నా, ముందు మా తలుపే తడతారు. బావ కాదనడు. కాదనడం ఆయనకి ఇంట్లోనే చాతనవును.

కానీ ఒక్క మాట ఒప్పుకోవాలి. ఊరు దాటాక యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే, ఆ బండి ఒక్క క్షణం ఏమీ ఎరగనట్టు ఊరుకుని, తర్వాత వెనక నుంచి ఎవరో తోసినట్టు దూసుకుపోతుంది. అదే టర్బో అని చెప్పాడు బావ. ఇంజన్‌లోంచి వచ్చే పొగ జోరుకి ఒక చిన్న చక్రం గిరగిరా తిరిగి, ఇంజన్‌లోకి ఇంకా గాలిని తోస్తుందట. ఆ జోరులో చక్రం కాగిపోతుందట. బండి ఆగగానే ఇంజన్ కట్టేస్తే నూనె అందక పాడైపోతుందట. అందుకని ఎక్కడికి వెళ్ళొచ్చినా, గుమ్మం ముందు బండి ఆపి, ఇంజన్ ఆడుతూనే ఉండగా ఆయన చెయ్యెత్తేవాడు.

“ఆగండి! ఎవరూ దిగొద్దు. చల్లారనివ్వండి.”

టర్బో చల్లారడానికి మేమెందుకు కూర్చోవాలని అడగాలని మాకెవరికీ తోచలేదు. కూర్చునేవాళ్ళం. ఆ కాసేపట్లోనే ఇంటి కబుర్లన్నీ బయటపడేవి. కాలేజీలో పరీక్ష పోయిన సంగతి మా పిడుగు చెప్పింది అక్కడే. పిడుగంటే బావ కూతురు, బావ పెట్టుకున్న ముద్దుపేరు. నేను పనిచేసే కళ్ళజోళ్ళ షాపులో మా యజమాని తన కళ్ళజోడు నెత్తిన పెట్టుకుని పొద్దంతా వెతికిన కథ నేను చెప్పిందీ అక్కడే. అక్క తిట్టాల్సినవన్నీ అక్కడే తిట్టేది, ఎవరూ తప్పించుకు పోలేరు కాబట్టి. నేనుండేది పై వాటాలో. మెట్లెక్కి తలుపేసుకుంటే నా లోకం నాది. అందరం ఒకచోట ఉండేది ఆ బండిలోనే.

అలాంటి బండిలో ఈ వేసవిలో మాటలు ఆగిపోయాయి.

పిడుగు డిగ్రీ పరీక్షలు రాసింది. సెలవుల్లో బావ షాపులో మూల కూర్చుని ఒక చిన్న మంచంపక్క బల్ల చేసింది. దాని సొరుగు వేలితో తాకితే చాలు, నీళ్ళ మీద జారినట్టు లోపలికి వెళ్ళిపోతుంది. నేను పదిసార్లు తోసి చూశాను. దాన్ని చూసిన ఒకావిడ, “ఇది అమ్ముతారా?” అని అడిగింది. పిడుగు నోరు తెరిచేలోపు బావ నవ్వేసి, “అబ్బే, అది పిల్ల ఏదో ఆటకి చేసింది, పట్టించుకోకండి,” అన్నాడు.

ఆ రోజు బండి ఇంటి ముందు ఆగాక పిడుగు తాడో పేడో తేల్చుకుంది. “నాన్నా, నేను ఉద్యోగానికి వెళ్ళను. నీ దగ్గరే పని చేస్తాను.”

“నా షాపులో నీకు పని లేదు,” అన్నాడు బావ. “కుర్చీ ఉన్న ఉద్యోగం చూసుకో. ఈ దుమ్ము నాతోనే పోవాలి.”

పిడుగు ఆ మర్నాటి నుంచి తండ్రితో మాట్లాడటం మానేసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆయన అన్నానికి కూర్చునేసరికి అది తిని లేచిపోయేది. మాట్లాడక తప్పనప్పుడు నా మీదుగా మాట్లాడేది.

“పిన్నీ, నాన్నని కాస్త నన్ను లైబ్రరీ దగ్గర దింపమను.”

“బావా, లైబ్రరీ దగ్గర దింపమంటోంది.”

“దింపుతానని చెప్పు.”

“దింపుతాడట.”

ఇద్దరూ నా పక్కనే ఉంటారు! ఇద్దరికీ చెవులున్నాయి! తండ్రికి తగ్గ కూతురు, మధ్యలో అడకత్తెరలో పోకచెక్కనైపోయాను నేను. అక్కకేమో ఏడుపొకటే తక్కువ. “ఇంట్లో రెండు గోడలు తిరుగుతున్నాయే,” అనేది.

బావ మాత్రం ఆగండి అనడం మానలేదు. సరికదా, ఆ ఆగడం రోజురోజుకీ పొడుగైంది. లైబ్రరీ ముందు బండి ఆపి, స్టీరింగ్ పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చుంటాడు. పిడుగు కిటికీలోంచి చూస్తూ కూర్చుంటుంది. నేను వెనక సీట్లో నా షాపుకి ఆలస్యమవుతూ కూర్చుంటాను. ఒకరోజు నా కోసం వచ్చిన ముసలాయన కళ్ళజోడు తీసుకోకుండానే వెళ్ళిపోయాడట. మా యజమాని పెట్టిన చీవాట్లకి అగ్గి మీద గుగ్గిలమైపోయి, మధ్యాహ్నం తిన్నగా మెకానిక్ దగ్గరికి వెళ్ళాను.

“ఏమయ్యా, ఆ టర్బో ఎంతసేపు చల్లారాలి? తెల్లారేదాకానా?”

మెకానిక్ చేతులు తుడుచుకుంటూ నవ్వాడు. “కొండెక్కి వస్తేనో, బరువు లాగి వస్తేనో కాసేపు ఆగాలమ్మా. వీధుల్లో మెల్లగా తిరిగే బండికి ఆగనే అక్కర్లేదు. దిగి వెళ్ళిపోవచ్చు. ఈ సంగతి బండి కొన్న కొత్తల్లోనే మీ బావకి చెప్పానే!”

నాకు ఒళ్ళు మండిపోయింది. కోపం వస్తే నేను బావని ‘గారు’ చేర్చి పిలుస్తాను. ఆయన షాపుకి వెళ్ళి గుమ్మంలోనే అరిచాను.

“బావగారూ! ఇన్నేళ్ళూ మమ్మల్ని ఉత్తపుణ్యానికి కూర్చోబెట్టారా?”

బావ చెక్కని నున్నగా చిత్రిక పడుతున్నవాడల్లా ఆపాడు. దొంగతనం పట్టుబడ్డ పిల్లాడిలా చూశాడు.

“దిగితే ఎవరి గదిలోకి వాళ్ళు పోతారు కదా,” అన్నాడు. “అందులో ఉంటే... అందరూ ఉంటారు.”

“మరి ఆ పిల్లతో ఒక్క మాట మాట్లాడొచ్చు కదా! కూర్చోబెట్టి మౌనవ్రతం చేయిస్తావేం?”

“రోజూ ఏదో అందామనే ఆపుతాను. నోరు రాదు.” చివర లేని వేలిని రెండో చేత్తో పట్టుకున్నాడు. “ఇది తెగిన రోజు దానికి మూడేళ్ళు. నెత్తురు చూసి రంగనుకుని నవ్వింది. ఆ నవ్వు నాకింకా వినిపిస్తుంది. దాని చేతులు చూస్తుంటే నాకు భయం మరదలా, అంతే.”

నా కోపం సగం చల్లారింది. కానీ నోరు ఊరుకుంటే కదా. “భయమైతే భయమని చెప్పు. ఆట అంటావా?” అనేసి వచ్చేశాను.

మర్నాడు లైబ్రరీ ముందు బండి ఆపగానే బావ ఇంజన్ కట్టేశాడు. చెయ్యెత్తలేదు, ఆగండి అనలేదు. పిడుగు దిగకుండా ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. తర్వాత వెనక్కి తిరిగి, “పిన్నీ, బండికేమైంది?” అంది.

ఏమీ కాలేదన్నాను. అది దిగి, రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి చూసింది. ఉన్న ఆ ఒక్క దారాన్నీ నా నోటితో నేనే తెంపానని అప్పుడర్థమైంది. ఆ రోజంతా కళ్ళజోళ్ళు తుడుస్తూ నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ వారం చివర్లో గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. కొండ మీద కొత్తగా తెరవబోయే చిన్న ఆసుపత్రికి బావ మందుల అల్మరాలు చేశాడు. తెరిచేది మర్నాడే. సరిగ్గా ఆ పొద్దున చెక్క ఎత్తబోయి బావ కుడి మణికట్టు బెణికింది. షాపులో ఆయనతో పనిచేసే పెద్దాయన జ్వరంతో పడుకున్నాడు. కట్టు కట్టుకున్న చేత్తో బావ బండి చుట్టూ తిరుగుతుంటే, పిడుగు బయటికొచ్చి నా ముందు చెయ్యి చాపింది.

“పిన్నీ, తాళం ఇమ్మను.”

దానికి డ్రైవింగ్ నేర్పింది బావే, ఈ బండి మీదే. లైసెన్సు కూడా ఉంది. బావ తాళం నా చేతిలో పెట్టాడు, నేను దాని చేతిలో పెట్టాను. అక్కని ఇంట్లో ఉంచి ముగ్గురం బయల్దేరాం. తొట్టి నిండా బరువు, ముందంతా ఎత్తు. మొదటి మలుపులో బండి ఒక్క క్షణం ఊరుకుంది, నా గుండె కూడా. తర్వాత టర్బో అందుకుంది, బండి కొండని పట్టుకుని పైకి లాగింది. బావ పక్క సీట్లో కూర్చుని, తన వైపు లేని బ్రేకులన్నీ తొక్కుతూనే ఉన్నాడు.

తీరా ఆసుపత్రిలో అల్మరా గోడకి ఆనిస్తే గోడ వంకర. పైన సందులో వేలు దూరుతుంది, కింద పెన్సిల్ కూడా దూరదు. ఆసుపత్రి డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. బావ తన చేతి కట్టు వంక చూసుకున్నాడు.

పిడుగు ఆయన చెవి మీది పెన్సిల్ లాక్కుంది. అడగలేదు, లాక్కుంది. ఒక సన్నటి చెక్కపట్టీని గోడకి ఆనించి, గోడ వంకర ఎలా ఉంటే గీత అలా దించింది. ఆ గీత దాకా చిత్రిక పట్టింది. పెట్టి చూసింది, తీసింది, మళ్ళీ పట్టింది. తొందరపడలేదు. ఉలి పట్టేటప్పుడు రెండో చెయ్యి ఎప్పుడూ ఉలి వెనకే ఉంది. బావ చూస్తున్నది గీతని కాదు, ఆ చేతిని. చివరికి పట్టీ సందులో కూర్చుంది, గోడకీ చెక్కకీ మధ్య కాగితం దూరలేదు. “భలే కుదిరిందే!” అంది డాక్టరమ్మ. బావ అప్పుడూ ఏమీ అనలేదు. పట్టరాని కోపం వచ్చింది నాకు. ఇప్పుడు కూడా నోరు రాదా ఈ మనిషికి!

తిరుగు దారిలోనూ పిడుగే బండి నడిపింది. పొద్దు వాలుతుండగా ఇల్లు చేరాం. గుమ్మం ముందు బండి ఆగింది. బావ ఎడమచేత్తో తలుపు తీయబోయాడు.

“ఆగు నాన్నా!”

బావ చెయ్యి తలుపు మీదే ఉండిపోయింది.

“దిగకు. చల్లారనివ్వు,” అంది పిడుగు. చెయ్యి తాళం మీద లేదు, స్టీరింగ్ మీద ఉంది. ఇంజన్ ఆడుతోంది.

“అవును,” అన్నాడు బావ. “కొండెక్కింది కదా. ఇవాళ ఆగాలి.”

“రోజూ ఆగాలి,” అంది పిడుగు. “మెకానిక్ ఏం చెప్పినా సరే.”

అంటే దీనికీ తెలుసు! ఎప్పటి నుంచి తెలుసో ఏమో, తెలిసి కూడా ఇన్నాళ్ళూ కూర్చుంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెనక సీట్లో ఉన్నాను కాబట్టి ఎవరికీ కనబడలేదు.

బావ తలుపు మీంచి చెయ్యి తీశాడు. తర్వాత తల తిప్పి కూతురి చేతులకేసి చూశాడు.

“నాకు భయమే, నీ చేతులకి ఏమైనా అవుతుందని,” అన్నాడు. “ఆట అన్నాను చూడు, తప్పు నాదే. ఆ సొరుగు నాక్కూడా అంత మెత్తగా రాదు.” ఆ వెంటనే, “రేపు షాపు నువ్వే తెరువు. రంపం దగ్గరికి మాత్రం నేను లేకుండా వెళ్ళావంటే తన్నులు తింటావు,” అన్నాడు.

“కళ్ళజోడు పెట్టుకునే కోస్తాలే. పిన్ని షాపులో కొనుక్కుంటా,” అంది పిడుగు, ముక్కు తుడుచుకుంటూ.

ఈలోగా తలుపు తీసుకుని అక్క గుమ్మంలోకి వచ్చింది. “వచ్చినవాళ్ళు దిగరేం? డీజిలేమైనా ఊరికే వస్తోందా?” అంటూ గేటు దాకా వచ్చింది. కిటికీలోంచి కూతురి ముఖం చూసింది, మొగుడి ముఖం చూసింది. ఇద్దరూ ఒకేసారి ఏదో చెబుతున్నారు.

“నన్నొదిలేసి ఏం మాట్లాడుకుంటున్నారు!” అని వెనక తలుపు లాగి, పిడి పట్టుకుని, నేను దిగి తోసేలోపే తనంతట తనే ఎక్కి నా పక్కన కూర్చుంది.